మేక టోపీకి మూడు స్టార్లు

సినిమాలు చూడటం మానేయండి!

మీ మంచి కోరి చెబుతున్నాను. చూడటమనేది పాతకాలపు అలవాటు. కళ్ళు మండుతాయి, మెడ పట్టేస్తుంది, పక్కవాడి మోచెయ్యి మన డొక్కలో దిగుతుంది. ఇంతా చేసి చివరికి మిగిలేదేమిటి? ఒక అభిప్రాయం. ఆ అభిప్రాయమేదో మనకంటే ముందున్నవాళ్ళు ఉచితంగా, వద్దన్నా వినకుండా, రాసి పెడుతున్నప్పుడు మళ్ళీ మనం చూడటం దేనికి? వడ్డించిన విస్తరి ముందు కూర్చుని పొయ్యి వెలిగించేవాణ్ణి ఏమంటారు మీరు?

ప్రేక్షకుల అభిప్రాయాలు ఈ కాలపు పీడ అని కొందరు గిట్టనివాళ్ళు అంటున్నారు. కాదు, వరం! వెనకటికి రేపటి సంగతి తెలియాలంటే మనిషి జోస్యం చెప్పేవాళ్ళ గుమ్మం ఎక్కాల్సి వచ్చేది. చెయ్యి చాచాలి, దక్షిణ పెట్టాలి, చెప్పింది జరగకపోతే జాతకాన్ని తిట్టుకోవాలి. ఇప్పుడా బాధ లేదు. రేపు మీరు చూడబోయే సినిమా మీకు నచ్చుతుందో లేదో, ఏ సీను దగ్గర ఆవలిస్తారో, ఎక్కడ కంటనీరు పెట్టుకుంటారో, ఇవాళే ఫోనులో రాసి ఉంటుంది. పైగా ఇందులో జోస్యం తప్పే ప్రసక్తే లేదు. అందరూ ఏడ్చిన చోట మీకు ఏడుపు రాలేదంటే లోపం ఎవరిది? మీదే కదా!

ఉదాహరణ లేకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు. అందుకని ఒక మూకీ కార్టూన్ సంగతి చెబుతాను.

మాటలు రాని రోజుల్లో తీసిన చిన్న బొమ్మల చిత్రం అది. ఒక టీ చల్లారేలోపు అయిపోతుంది. అందులో ఒక మేక. ఆ మేకకో టోపీ. టోపీ అంటే దానికి ప్రాణం. స్నానం చేసేటప్పుడు కూడా తీయదు. ఒకరోజు అది జోస్యం చెప్పే గుడ్లగూబ దగ్గరికి వెళ్తుంది. గుడ్లగూబ భుజాల మీద శాలువా కప్పుకుని, పేకముక్కలు పరిచి, "పొద్దుగూకేలోగా నీకు అన్నిటికంటే ఇష్టమైనది నీ చెయ్యి దాటిపోతుంది" అని చెబుతుంది. ఆ మాట నల్లటి పలక మీద తెల్లటి అక్షరాల్లో కనిపిస్తుంది. మేకకు గుండె జారిపోతుంది. ఆ కంగారులో పేకముక్కలన్నీ నమిలేసి పరుగు లంకించుకుంటుంది. అక్కణ్ణుంచి టోపీని కాపాడుకోవడమే దాని పని. గాలి నుంచి, కాకి నుంచి, రోడ్డు రోలర్ నుంచి, ఎండలో నెత్తి కాలుతున్న ఒక బట్టతల పోలీసు నుంచి! చివరికి టోపీతో సహా క్షేమంగా బయటపడి, గుడ్లగూబను నిలదీయడానికి తిరిగొచ్చి, దాని తలుపు దబదబా బాదుతుంది. అంతే. ఇంటర్నెట్‌లో బొమ్మ అక్కడితో ఆగిపోతుంది.

బొమ్మ ఇంత. దాని కింద అభిప్రాయాలు కొండంత! కొన్ని మచ్చుకి:

"సౌండ్ రావట్లేదు. ఫోను షాపువాడితో గొడవపడి కొత్త స్పీకర్ వేయించాను. అయినా రాలేదు. ఒక స్టార్."

"మేక సహజంగా నటించింది. గుడ్లగూబది కాస్త ఓవరాక్షన్."

"మేకలు పేకముక్కలు తినవు. నేను పశువుల డాక్టర్ని." దాని కిందే, "తింటాయి. నేను మేకలు పెంచుతాను." ఇక అక్కణ్ణుంచి వాళ్ళిద్దరూ ఒకరి చదువును ఒకరు, ఒకరి మందను ఒకరు దుమ్మెత్తిపోసుకున్నారు. చివరికి పెంపకందారు తన మేకను తోలుకుని డాక్టరు ఇంటికే వస్తానన్నాడు. డాక్టరు పేకముక్కలు ఎవరు తేవాలని అడిగాడు.

"ఈ గుడ్లగూబ ఫోన్ నంబర్ ఉంటే ఎవరైనా పెట్టండి. మా అమ్మాయి ఉద్యోగం గురించి అడగాలి."

"మూఢనమ్మకాలను ప్రోత్సహించే చిత్రం" అని ఒకాయన మండిపడ్డాడు. "జోస్యాన్ని నమ్మేవాళ్ళ మనోభావాలను దెబ్బతీసే చిత్రం" అని ఇంకొకాయన భగ్గుమన్నాడు. ఇద్దరూ ఒక స్టారే ఇచ్చారు. చూశారా, అభిప్రాయాలు మనుషుల్ని ఎలా కలుపుతాయో!

"మూత సరిగ్గా పట్టడం లేదు, ఆవిరి పోతోంది" అని ఒక ఇల్లాలు రాసింది. ఏ కుక్కర్ కింద రాయబోయి ఇక్కడ రాసిందో పాపం. ఆ అభిప్రాయం తమకు ఉపయోగపడిందని చాలామంది నొక్కారు.

"ఇంకా చూడలేదు. చూసేలా కూడా లేదు. రెండు స్టార్లు." ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు అన్నది ఈర్ష్యతోనని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

అయితే అసలు యుద్ధమంతా ముగింపు మీద. "జోస్యం ఫలించలేదు, టోపీ మేక దగ్గరే ఉంది, కాబట్టి కథ తప్పు" అని ఒక వర్గం. "ఫలించకపోవడమే కథ" అని ఇంకో వర్గం. "రెండో భాగం కోసం కావాలని ఆపేశారు, డబ్బు పిచ్చి" అని మూడో వర్గం. బొమ్మ గీసినవాళ్ళు ఎప్పుడో కాలం చేశారన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడు ఒక్కడైతే నవ్వుకుంటాం. వెయ్యిమంది అయితే దాన్ని రేటింగ్ అంటాం.

ఈ అభిప్రాయాలన్నీ పొల్లుపోకుండా చదివిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. మా అన్నయ్య.

మా అన్నయ్యకు కళ్ళద్దాల దుకాణం ఉంది. ఊళ్ళో సగంమందికి చూపు ఆయన చలవే. ఆయన మాత్రం తన కళ్ళను ఎప్పుడూ నమ్మడు. చీపురు కొనాలన్నా దాని మీద నలుగురూ ఏమన్నారో చదవాలి. చదివి చదివి చీపురు కొనేసరికి ఇల్లంతా దుమ్ము పేరుకుంటుంది. ఒకసారి ఆయన దుకాణంలో గోడమీద అక్షరాలు చదవమంటే, ఒక పెద్దమనిషి కింది వరుస దగ్గర తడబడి, "ఈ వరుస గురించి మిగతావాళ్ళు ఏమంటున్నారండీ?" అని అడిగాడట. అది చాలా సబబైన ప్రశ్న అని మా అన్నయ్య ఇప్పటికీ అంటాడు.

మా వదినను మొదటిసారి చూసిన రోజుల్లో ఈ సదుపాయం లేదు. పాపం, కళ్ళతోనే చూసి, తనంతట తానే నచ్చిందనేశాడు. అంతటి సాహసం ఆయన మళ్ళీ చేయలేదు.

ఆయన చదవడమే కాదు, రాస్తాడు కూడా. 'నిష్పక్షపాతి' అన్న పేరుతో. ఉప్పు ప్యాకెట్ మొదలు ఊరి శ్మశానం దాకా ఆయన స్టార్లు ఇవ్వనిది లేదు. శ్మశానానికి నాలుగిచ్చాడు, పార్కింగ్ బాగాలేదని ఒకటి తగ్గించి. ఏళ్ళ తరబడి అలా రాయగా రాయగా ఆ యాప్ వాళ్ళు ఆయన పేరు పక్కన ఒక బంగారు కన్ను బొమ్మ పెట్టారు. జిల్లా మొత్తానికి అది ఆయనొక్కడికే ఉందట. దుకాణంలో డిగ్రీ సర్టిఫికెట్ తీసేసి ఆ బంగారు కన్నును ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు. ఒకసారి ఇచ్చిన అభిప్రాయాన్ని ఎవరూ మార్చడానికి వీల్లేదని ఆ యాప్‌లో ఒక రూలు ఉంది. ఆ రూలు పెట్టేదాకా వాళ్ళను నిద్రపోనివ్వనిది కూడా ఈయనే. అభిప్రాయమంటే మాట, మాటంటే మాటే అని ఆయన వాదన.

ఇక మా వదిన. ఆవిడ పిల్లలకు పియానో నేర్పుతుంది. శనివారం సాయంత్రాలు లైబ్రరీ వెనక హాల్లో మూకీ సినిమాలు వేస్తారు. తెర పక్కన పియానో ముందు కూర్చుని, బొమ్మను చూస్తూ, దానికి తగ్గట్టు వాయిస్తుంది. ముందు కాగితమేమీ ఉండదు. కళ్ళు తెరమీద, వేళ్ళు పియానోమీద. పెళ్ళికి ముందు నుంచీ ఇదే. ఆ పియానో లైబ్రరీదే కానీ, దాని ఏ మెట్టు వానాకాలంలో బిగుసుకుంటుందో ఆవిడకే తెలుసు. వారమంతా ఇంట్లో గిన్నెలూ, వీధిలో పిల్లలూ, దుకాణంలో ఈయనా! ఆ శనివారం సాయంత్రమే ఆవిడకంటూ ఉన్నది.

ఇప్పుడు దానికే ఎసరొచ్చింది. లైబ్రరీకి కొత్త కార్యదర్శి గారు వచ్చారు. మంచివాడు, మర్యాదస్తుడు, ఎవరినీ నొప్పించడు. అందుకే ఏ నిర్ణయమూ తను తీసుకోడు. "ప్రజాభిప్రాయమే నా అభిప్రాయం" అని గది బయట రాయించుకున్నాడు. హాల్లో కుర్చీల వెనకాల ఫోనుతో స్కాన్ చేసే కోడ్ స్టిక్కర్లు అంటించారు. ఈ శనివారం ఆట మీద ప్రేక్షకులు ఫోనుల్లో, మా అన్నయ్య రాసే ఆ యాప్‌లోనే, ఇచ్చే అభిప్రాయం మూడున్నర స్టార్లకు చేరితే ఆటలు కొనసాగుతాయి. చేరకపోతే పియానో గోడౌనుకు, హాలు ఇంకో పనికి. ఏ పనికనుకుంటున్నారు? అభిప్రాయ సేకరణ కేంద్రానికి!

ఆ శనివారానికి వేస్తున్నది మన మేక కార్టూనే.

మా అన్నయ్యకు ఆ వారం నిద్ర పట్టలేదు. పెళ్ళాం మీద ప్రేమ లేనివాడు కాదు. దాన్ని చూపించే పద్ధతి తెలియనివాడు, అంతే. ఆయనకు తెలిసిన సాయం ఒక్కటే. మేక మీద వచ్చిన అభిప్రాయాలన్నీ చదివి, వాటిని బట్టి వదిన పియానోను సరిదిద్దబోయాడు. ఆ సమయానికి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను.

"ఇదిగో, పోలీసు సీను దగ్గర కాస్త నెమ్మదిగా వాయించు. చాలామందికి కళ్ళు తిరిగాయట" అన్నాడు.

"అది పరుగండీ. పరిగెత్తేటప్పుడు నెమ్మదిగా ఎలా వాయిస్తాను?" అంది వదిన, ఉల్లిపాయలు తరుగుతూ.

"సరే, అది వదిలెయ్. సౌండ్ లేదని చాలామంది కంప్లైంటు."

"మరి నేనున్నది ఎందుకు?"

ఆయన ఆ అభిప్రాయాన్ని కొట్టేశాడు. తర్వాత అసలు సంగతికొచ్చాడు. "ముగింపే గొడవ. మేక తలుపు కొట్టగానే అయిపోతుంది. అక్కడ ఏదైనా గట్టిగా వాయించి ముగించావనుకో, ముగింపు ఉందనుకుంటారు."

వదిన కత్తిపీట ఆపింది. "అక్కడ అయిపోదండీ. ఇంటర్నెట్‌లో ఉన్నది చివర తెగిపోయిన కాపీ. మన లైబ్రరీ డబ్బాలో ఉన్న రీలు పూర్తిగా ఉంది. తలుపు కొట్టాక ఇంకా ఉంది బొమ్మ."

మా అన్నయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఇంకా ఉందా? దాని మీద ఒక్క అభిప్రాయం కూడా లేదే!"

"ఎవరూ చూడలేదు కదా, ఎలా ఉంటుంది?"

"మరి అది బాగుందో లేదో మనకెలా తెలుస్తుంది?"

వదిన ఆయనకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. "చూస్తే తెలుస్తుందేమో" అంది.

"రిస్కు! ఆ ముక్క వేయొద్దని ఆపరేటర్‌కు చెప్పు. ఎవరూ ఏమీ అననిదాన్ని జనం మీదికి వదలకూడదు."

"ఆ ముక్క కోసమే ఈ బొమ్మ అడిగి వేయించుకుంటున్నాను. అందులో ఏముందో మాత్రం చెప్పను. వచ్చి చూడండి." ఉల్లిపాయల వల్లో ఏమో, ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మా అన్నయ్య దాన్ని ఉల్లిపాయల ఖాతాలోనే వేశాడు.

శనివారం వచ్చింది. హాలు నిండింది! మామూలుగా అయితే ముందు వరుసలో ఇద్దరు ముసలివాళ్ళు, వెనక వరుసలో ఒక జంట. ఆ రోజు కుర్చీలు చాలక స్టూళ్ళు వేశారు. ఎందుకు? అభిప్రాయం చెప్పొచ్చని. సినిమాకు రమ్మంటే రానివాళ్ళు తీర్పు చెప్పడానికి రమ్మంటే రెక్కలు కట్టుకుని వస్తారు. ఇదొక్కటి చాలదా అభిప్రాయాలు వరమనడానికి?

బయట ఇంకా ఎండ ఉంది. హాలు కిటికీలకు తెరలు దించారు. ఆపరేటర్ రీలు ఎక్కించాడు. మేక వచ్చింది. వదిన వేళ్ళు కదిలాయి. గుడ్లగూబ శాలువా సర్దుకుంటుంటే పియానో బరువుగా నడిచింది. మేక పేకముక్కలు నములుతుంటే పియానో కూడా కరకరమని నమిలింది. ముందు వరుసలో ముసలాయన పగలబడి నవ్వాడు. రోడ్డు రోలర్ వస్తుంటే నా కాళ్ళు నాకు తెలియకుండానే కుర్చీ కిందికి ముడుచుకున్నాయి. మా అన్నయ్య మాత్రం తెరను చూడటం లేదు. జనం మొహాలు చూస్తూ స్టార్లు లెక్కేసుకుంటున్నాడు.

మేక గుడ్లగూబ ఇంటికి తిరిగొచ్చింది. తలుపు బాదింది. దబ్, దబ్, దబ్.

అంతే! హాల్లో తలలన్నీ ఒక్కసారిగా వంగిపోయాయి. బొమ్మ అక్కడితో అయిపోతుందని అందరూ ముందే చదివి ఉన్నారు మరి. ఫోనులు వెలిగాయి. మొహాలన్నీ కింది నుంచి నీలంగా మెరిశాయి. టకటకా వేళ్ళు కదిలాయి. నేనేం చేస్తున్నానంటారా? పక్కావిడ ఏం రాస్తోందో తొంగి చూస్తున్నాను. పత్రికకు రాసుకునేవాణ్ణి, అది నా వృత్తిధర్మం.

పియానో ఆగలేదు. బాదుడు పోయి ఏదో మెల్లటి రాగం మొదలైంది. ఒక్కొక్క స్వరం, మధ్యలో ఆగి ఆగి. "ఇంకా వాయిస్తోందేంటి?" అని ఎవరో గొణిగారు. ఎవరూ తల ఎత్తలేదు. పియానో ఆగాక నేను తల ఎత్తేసరికి తెర తెల్లగా ఉంది.

వసారాలో పెద్ద టీవీ పెట్టారు. అభిప్రాయాలు అందులో పడుతున్నాయి, పైన మూలగా మొత్తం రేటింగ్. లైబ్రరీ మూసేదాకా, అంటే పొద్దుగూకేదాకా, లెక్క తెరిచే ఉంటుంది. "ముగింపు లేదు, రెండు స్టార్లు." "పిల్లలకు బాగుంది, నాకు పిల్లల్లేరు, మూడు." "కుర్చీ కిర్రుమంది." "ఐదు స్టార్లు! ఇంకా చూస్తున్నాను, అయిపోయాక చెబుతాను." జనం తమ అభిప్రాయం తెరమీద కనబడగానే దాన్ని ఫోటో తీసుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. మూలనున్న అంకె మూడున్నరకు వెంట్రుకవాసి కింద వచ్చి ఆగింది.

కార్యదర్శి గారు తాళాలగుత్తి పట్టుకుని నిలబడ్డారు. నిజంగానే నొచ్చుకున్నట్టున్నారు. "నా చేతిలో పనైతే చేయనా అమ్మా? ప్రజలు..." అని నసిగారు.

వదిన టీవీలో ఒక అభిప్రాయం చదువుతోంది. దాని పక్కన బంగారు కన్ను మెరుస్తోంది.

"నిష్పక్షపాతి: మూడు స్టార్లు. చిత్రం పాతదైనా చూడదగ్గది. పియానో బాగుంది. కాకపోతే చిత్రం అయిపోయాక కూడా ఆవిడ వాయిస్తూనే ఉన్నారు. ఎవరైనా చెప్పి ఉండాల్సింది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మా అన్నయ్య గబగబా అందుకున్నాడు. "నీ మంచికే రాశాను! ఐదు ఇచ్చాననుకో, ఇంటివాళ్ళే రాసుకున్నారంటారు. ఐదు స్టార్లను ఎవరూ నమ్మరు. మూడిచ్చి, చిన్న లోపమొకటి చూపిస్తే మిగతా పొగడ్త నిజమనుకుంటారు. ఇది శాస్త్రం. నాకు అనుభవం..."

"అయిపోయాక కాదండీ" అంది వదిన. గొంతు పెంచలేదు. "అప్పటికి అయిపోలేదు."

ఆయన టీవీలో తన అభిప్రాయాన్ని మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాడు.

"మీరు కూడా చూడలేదా?" అని అడిగింది. అది తిట్టయి ఉంటే ఆయన తట్టుకునేవాడే.

వదిన ఆపరేటర్‌తో ఏదో చెప్పింది. ఆయన గొణుక్కుంటూనే రీలు చివర మళ్ళీ ఎక్కించాడు. కార్యదర్శి గారు చీకటి పడేదాకా ఆగుతానన్నారు. వదిన మా ముందు తన హ్యాండ్‌బ్యాగు తెరిచి పట్టుకుంది. మా ఫోనులు రెండూ అందులో వేశాం. ఖాళీ హాల్లో ముందు వరుసలో అన్నదమ్ములం ఇద్దరం బడిపిల్లల్లా కూర్చున్నాం.

మేక తలుపు బాదింది. తలుపు తెరుచుకుంది.

లోపల గుడ్లగూబ ఏడుస్తోంది. బల్ల ఖాళీగా ఉంది. పేకముక్కలు మేక తినేసింది కదా, ఇంక ఎవరికి ఏం చెబుతుంది? గోడమీద బోర్డు కూడా దించేసి, మూట కట్టుకుంటోంది. నిలదీయడానికి వచ్చిన మేక గుమ్మంలోనే నిలబడిపోయింది. కిటికీలోంచి చూస్తే పొద్దు కొండ వెనక్కి దిగుతోంది. మేక టోపీ తీసింది. దాన్ని ఒకసారి ఊది, మోచేత్తో తుడిచింది. గుడ్లగూబ నెత్తిన పెట్టింది. పొద్దు గూకింది. గుడ్లగూబ మెల్లిగా తల ఎత్తి చూసింది. జోస్యం ఫలించింది.

అంతే బొమ్మ. మాటల్లేవు, పలక మీద అక్షరాలు కూడా లేవు. వదిన చివరి స్వరం మీద వేలు అలాగే ఉంచింది. అది చాలాసేపు మోగింది.

మా అన్నయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. ఏమీ అనలేదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆయన దేని గురించైనా ఏమీ అనకపోవడం అదే మొదలు.

లేచి, వదిన బ్యాగులోంచి తన ఫోను అడిగి తీసుకుని వసారాలోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. అంకెను కిందికి లాగుతున్న ఆ మూడు స్టార్లు తీసేయాలి. కానీ ఇచ్చిన అభిప్రాయం మార్చకూడదన్న రూలు ఆయన తెచ్చిందే! ఒక్కటే దారి ఉంది. ఖాతా మొత్తం మూసేస్తే అందులోని అభిప్రాయాలన్నీ పోతాయి. ఉప్పు ప్యాకెట్, శ్మశానం, చీపుర్లు, బంగారు కన్ను, అన్నీ.

"అన్నయ్యా, ఆలోచించు" అన్నాను. "ఇన్నేళ్ళ కష్టం."

"పొద్దు ఎక్కడిదాకా వచ్చిందిరా?" అన్నాడు.

వసారా చివర కిటికీ ఎర్రగా ఉంది. ఆయన నొక్కాడు. "నిజంగానే వెళ్ళిపోతున్నారా?" అని అడిగింది ఫోను. నొక్కాడు. "మిమ్మల్ని చాలా మిస్సవుతాం" అంది. నొక్కాడు. "ఖాతా మూసే మా పద్ధతికి ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని అడిగింది. ఆయన వేలు గాలిలో ఆగింది. పాపం, ఎంత లాగి ఉంటుందో! చివరికి ఏమీ ఇవ్వకుండానే ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

టీవీలో బంగారు కన్ను ఆరిపోయింది. మూలనున్న అంకె ఒకసారి మిణుకుమని, గీత మీదికి వచ్చి కూర్చుంది. కార్యదర్శి గారు దగ్గరికి వెళ్ళి చూశారు, మళ్ళీ చూశారు. "మూడున్నర! ప్రజలు తేల్చేశారు!" అని ఊపిరి పీల్చుకుని టీవీ ఆపేశారు. ఆ ప్రజల్లో ఒకాయన గోడకు ఆనుకుని, ఖాళీ అరచేతిని చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

వదిన పియానో మూత వేసి బయటికొచ్చింది. ఆపేసిన టీవీని చూసింది, మొగుడి మొహాన్ని చూసింది. ఏం జరిగిందని అడగలేదు. "పదండి" అని మాత్రం అంది. దారిలో ఒక కొత్త టీ కొట్టు కనబడింది. మా అన్నయ్య చెయ్యి అలవాటుగా జేబులోకి పోయి, ఒట్టిగానే బయటికి వచ్చింది. ఎవరు ఏమన్నారో తెలియని ఆ కొట్టులోకి ధైర్యంగా అడుగుపెట్టాడు. టీ బాగాలేదు. అయినా ఇద్దరూ ఇంకో కప్పు చెప్పారు.

ఇప్పుడు చెప్పండి, అభిప్రాయాలు వరమా, కాదా? మా అన్నయ్య అన్నేళ్ళు అన్ని అభిప్రాయాలు పోగేసుకోకపోతే, ఆ సాయంత్రం వదులుకోవడానికి ఆయన దగ్గర ఏముండేది? మేకకైనా ముందు ఒక టోపీ ఉండాలి కదా! కాబట్టి నా వాదనలో మార్పు లేదు. రాయండి, విరివిగా రాయండి, పోగేసుకోండి. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయి.

వచ్చే శనివారం వదిన ఇంకో మూకీ బొమ్మకు వాయిస్తోంది. దాని మీద ఇప్పటికే బోలెడు అభిప్రాయాలు వచ్చేశాయి, చూసినవాళ్ళే ఇంకా ఎవరూ లేరు. వీలైతే రండి. ఫోను తెచ్చుకున్నా పర్వాలేదు, ఎన్ని స్టార్లు ఇచ్చుకున్నా పర్వాలేదు. పియానో ఆగేదాకా మాత్రం కాస్త తల ఎత్తి ఉంచండి.